పాత టర్బో ఇంజన్‌కు ఏ ఆయిల్ పోయాలి?

ప్రశ్న: నా దగ్గర 1998 మోడల్ 2 లీటర్ల టర్బో పెట్రోల్ కారు ఉంది. ఈమధ్యే కొన్నాను. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. పాత యజమాని ఏ ఆయిల్ వాడేవారో తెలియదు. మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి 10డబ్ల్యూ-30 నుంచి 20డబ్ల్యూ-50 దాకా పట్టిక ఇచ్చి, ‘ఏపీఐ ఎస్‌జీ లేదా అంతకంటే పై రకం’ అని రాశారు (ఏపీఐ అంటే ఆయిల్ నాణ్యతకు అమెరికా ప్రమాణం). ఆ ఎస్‌జీ ఇప్పుడు కనిపించడం లేదు. మెకానిక్ 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయమంటున్నాడు. ఒక ఫ్రెండ్ రేసింగ్ 10డబ్ల్యూ-60 అంటున్నాడు, ఇంకొకరు కొత్త కార్లలో వాడే 0డబ్ల్యూ-20 మంచిదంటున్నారు. పాత ఇంజన్‌లో సింథటిక్ పోస్తే సీళ్లు కారతాయని కూడా విన్నాను. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వస్తుంది. బాగా తిరిగి వచ్చాక ఐడిల్‌లో ఆయిల్ లైట్ ఒక్కోసారి మిణుకుమంటోంది. టెన్షన్‌గా ఉంది. ఏది పోయాలో చెప్పగలరా?

సమాధానం: మీ ఇంజన్‌కు నేను చెప్పేది 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్. డబ్బా వెనక ‘ఏసీఈఏ ఏ3/బీ4’ అని ఉండాలి. ఏసీఈఏ అంటే యూరప్ కార్ల తయారీదారుల సంఘం, ఏ3/బీ4 అది పెట్టిన ఆయిల్ ప్రమాణం. 5,000 కిలోమీటర్లకు గానీ 6 నెలలకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. కానీ ఆయిల్ కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఉత్తరం చివర్లో ఓ మాటగా రాసిన ఆ లైట్ సంగతే అన్నిటికంటే ముఖ్యం.

ఆయిల్ లైట్ వెలిగించే స్విచ్ సాధారణంగా ప్రెషర్ అర బార్ కంటే కిందికి పడితేగానీ స్పందించదు. అంటే లైట్ మిణుకుమనే వేళకి ప్రెషర్ దాదాపు అడుగంటిందన్నమాట. స్విచ్ పాడై ఉత్తినే వెలుగుతూ ఉండొచ్చు, అదే అయితే అదృష్టం. తేల్చుకోవడం తేలిక. ఆ స్విచ్ విప్పి, అదే రంధ్రంలో మెకానికల్ ప్రెషర్ గేజ్ బిగించమనండి. ముందు ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉందో లేదో చూసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఎంత చూపిస్తోందో రాసుకోండి. సర్వీస్ మాన్యువల్‌లో మీ ఇంజన్‌కు ఇచ్చిన అంకెలతో పోల్చండి. అవి దొరక్కపోతే ప్రతి 1,000 ఆర్‌పీఎంకి కనీసం 10 పీఎస్‌ఐ (దాదాపు 0.7 బార్) అనే మోటు లెక్క ఒకటుంది. దాన్ని తీర్పుగా కాకుండా అంచనాగా మాత్రమే తీసుకోండి. ఈ పని అయ్యేదాకా దయచేసి బండి బయటికి తీయకండి.

గేజ్ కూడా తక్కువే చూపిస్తే కారణాలు చాలా ఉండొచ్చు. సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) స్ట్రెయినర్ అనే జల్లెడ మడ్డితో మూసుకుపోయి ఉండొచ్చు. పంప్ అరిగి ఉండొచ్చు, ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి మళ్లించే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. మెయిన్ బేరింగులు గానీ, కనెక్టింగ్ రాడ్ బేరింగులు గానీ అరిగిపోయి ఉండొచ్చు. లేదంటే ఆయిల్‌లో పెట్రోల్ కలిసి పల్చబడి ఉండొచ్చు. ఇందులో ఏదో తెలియకుండా చిక్కటి ఆయిల్ పోస్తే గేజ్ ముల్లు పైకి లేస్తుంది, లైట్ ఆరిపోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. స్ట్రెయినరే మూసుకుపోయి ఉంటే చిక్కటి ఆయిల్ ఇంకా కష్టంగా లోపలికి వస్తుంది కాబట్టి పరిస్థితి ముదురుతుంది కూడా. ప్రెషర్ అంటే ఆయిల్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు. ముల్లు పైకి లేచినంత మాత్రాన బేరింగుకు ఎక్కువ ఆయిల్ అందుతోందని కాదు. చల్లని ఇంజన్‌లో మరీ చిక్కటి ఆయిల్ ఉంటే రిలీఫ్ వాల్వ్ తొందరగా తెరుచుకుని, పంప్ తోడిన దాంట్లో కొంత భాగం బేరింగుల దాకా రాకుండానే వెనక్కి మళ్లిపోతుంది.

ఇక ఆయిల్ ఎంపిక. మామూలు ఇంజన్‌కూ టర్బో ఇంజన్‌కూ తేడా ఎక్కడొస్తుందో ముందు చూద్దాం. మీ టర్బోలో ఎగ్జాస్ట్ వైపు చక్రాన్నీ గాలి వైపు చక్రాన్నీ కలిపే సన్నటి షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ కాలపు టర్బోల్లో ఎక్కువ శాతం బాల్ బేరింగులు ఉండవు. షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, అంతే. ఒకవైపు ఎగ్జాస్ట్ గ్యాస్ గట్టిగా తోలినప్పుడు 800, 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. నడుస్తున్నంతసేపూ ఆయిల్ వేడిని లాక్కుపోతూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అసలు గండం ఇంజన్ ఆపాకే మొదలవుతుంది. పంప్ ఆగిపోయింది, ఆయిల్ కదలదు, ఎర్రగా కాలిన టర్బైన్ వైపు నుంచి వేడి మెల్లగా మధ్యలోని బేరింగు గూటిలోకి పాకుతుంది. అక్కడ నిలిచిపోయిన ఆ నాలుగు చుక్కల ఆయిల్ మాడి, మూకుడు అంచున అంటుకున్న నూనెలా గట్టిపడుతుంది. ఇలా ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకుంటుంది.

ఇది కంటితో చూడాలంటే టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు విప్పించండి. చివర్లో పక్కకు రంధ్రాలున్న బోల్టు ఉంటుంది, బాంజో బోల్ట్ అంటారు. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తే ఆరోగ్యమైన ఇంజన్‌లో రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపిస్తుంది. మాడిన ఇంజన్‌లో అంచుల వెంట నల్లటి పెచ్చు కట్టి దారి సగానికి సగం కుంచించుకుపోయి ఉంటుంది. గోరుతో గీకితే రాదు, పిన్నుతో పొడిస్తే పెళుసుగా రాలుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు లోపల చిన్న జాలీ కూడా ఉంటుంది, అది మూసుకుపోతే టర్బో ఆకలితో చచ్చిపోతుంది. ఆ పైపూ బోల్టూ మార్చడానికి అయ్యే ఖర్చు టర్బో ఖర్చు ముందు లెక్కలోకి రాదు. కారు చరిత్ర తెలియదన్నారు కాబట్టి మీరు ఈ పని తప్పకుండా చేయించాలి.

కంపెనీలకు ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. 1980లలో టర్బో బేరింగు గూటి చుట్టూ నీళ్లు తిప్పడం మొదలుపెట్టింది ఇందుకే. పోర్షె 944 టర్బోలో అయితే ఇంజన్ ఆపాక కూడా కాసేపు టర్బోకి నీళ్లు తిప్పడానికి ప్రత్యేకంగా ఓ ఎలక్ట్రిక్ పంప్ పెట్టారు. మీ టర్బోకు నీటి పైపులు ఉన్నాయో లేదో చూడండి. ఉన్నా సరే, ఇంటికి చేరే ముందు ఆఖరి రెండు మూడు కిలోమీటర్లు బూస్ట్ ఎక్కకుండా, అంటే టర్బో గాలిని గట్టిగా నెట్టకుండా, నెమ్మదిగా రండి. గట్టిగా తోలి వచ్చి ఆపాల్సి వస్తే ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి.

సింథటిక్ పోయమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. మినరల్ ఆయిల్ ఇంత వేడికి తొందరగా ఆవిరవుతుంది, తొందరగా ఆక్సిడైజ్ అయి జిగురు కడుతుంది. ఆవిరయ్యే గుణాన్ని నోయాక్ అనే పరీక్షతో కొలుస్తారు. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత తగ్గిందో తూస్తారు. ఏ3/బీ4 రకానికి ఆ తరుగు 13 శాతం మించకూడదు. టర్బో ఉన్న బండికి ఈ అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది. కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో చాలావరకు రాసే ఉంటుంది, కొనేముందు చూసుకోండి.

ఇప్పుడు గ్రేడ్ అంకెలు. ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది, వెనకున్నది వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 40 గ్రేడ్ అంటే 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు ఉండాలని లెక్క. 30 గ్రేడ్ 9.3 నుంచి, 50 గ్రేడ్ 16.3 నుంచి మొదలవుతాయి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీలాంటి ఇంజన్‌కు నిజంగా పనికొచ్చే అంకె ఇంకోటి ఉంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో షాఫ్ట్ ఆయిల్‌ను విపరీతమైన వేగంతో నలిపేస్తున్నప్పుడు దానికి ఎంత చిక్కదనం మిగులుతుందో ఇది చెబుతుంది. 0డబ్ల్యూ-20 ఆయిల్‌కు ఇది కనీసం 2.6 ఉంటే చాలు. 30 గ్రేడ్‌కు 2.9 చాలు. ఏ3/బీ4 రకానికి మాత్రం కనీసం 3.5 ఉండి తీరాలి. లోహానికీ లోహానికీ మధ్య నిలిచే ఆ పొర బలం మీదే మీ కనెక్టింగ్ రాడ్ బేరింగులూ టర్బో షాఫ్టూ ఆధారపడి ఉన్నాయి.

0డబ్ల్యూ-20 మీకు వద్దనేది అందుకే. అది చెడ్డ ఆయిలని కాదు. దాన్ని దృష్టిలో పెట్టుకుని పంప్ సామర్థ్యం, బేరింగు వెడల్పు, సందులు, ఆయిల్ కూలర్ అన్నీ లెక్కేసి కట్టిన ఇంజన్లకు అదే సరైనది. అందులో పెట్రోల్ ఆదా కూడా ఉంది. మీ ఇంజన్ కట్టిన వాళ్లు 10డబ్ల్యూ-30 నుంచి 20డబ్ల్యూ-50 దాకా పట్టిక వేశారంటే వాళ్ల మనసులో ఉన్న చిక్కదనం ఏమిటో అర్థమవుతూనే ఉంది. దానికి తోడు పాత టర్బో ఇంజన్ బూస్ట్‌లో పెట్రోల్ ఎక్కువగా తాగుతుంది. అందులో కొంత రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మొదటే పల్చగా ఉన్న ఆయిల్ ఇంకా పల్చబడితే మిగిలేది ఏముంటుంది?

మీ మెకానిక్ చెప్పిన 20డబ్ల్యూ-50ను నేను కొట్టిపారేయను. వేడి మీద దాని పొర బలంగానే ఉంటుంది, మాన్యువల్‌లోనూ ఉంది. చాలా పాత ఇంజన్లు దాని మీదే ఏళ్ల తరబడి తిరిగాయి. కాకపోతే రెండు చిక్కులున్నాయి. ఒకటి, మినరల్ అన్నారు. టర్బో వేడి గురించి పైన చెప్పిందంతా దానికి వర్తిస్తుంది. రెండోది, స్టార్ట్ చేసిన మొదటి క్షణాలు. టర్బో ఆయిల్ దారిలో దాదాపు చివర ఉంటుంది, సన్నటి పైపు ద్వారా అందుకుంటుంది. 5డబ్ల్యూ ఆయిల్ అక్కడికి ముందే చేరుతుంది, 20డబ్ల్యూ ఆలస్యంగా చేరుతుంది. చలి ఎంత ఎక్కువైతే తేడా అంత పెరుగుతుంది. ఆ కాసేపూ షాఫ్ట్ పాత ఆయిల్ తడి మీదే తిరగాలి. ఏ ఆయిల్ పోసినా సరే, స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయకండి. నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకు రాగానే ఆయిల్ కూడా వేడెక్కిందనుకోవద్దు. ఆయిల్ వెనకబడి వేడెక్కుతుంది. ఆ తర్వాత ఇంకో ఐదారు కిలోమీటర్లు వెళ్లాకే బూస్ట్ వాడండి.

10డబ్ల్యూ-60 అసలు వద్దు. కొన్ని బీఎండబ్ల్యూ ఎం ఇంజన్లకు కంపెనీయే ఆ గ్రేడ్ చెప్పింది. వాటి సందులూ వాటి ఆయిల్ వేడీ వాటివి. మీ ఇంజన్‌లో అది వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ సేపంతా చిక్కగానే ఉంటుంది. పైగా 10కీ 60కీ మధ్య అంత దూరం సాగదీయడానికి అందులో పాలిమర్లు ఎక్కువగా వేస్తారు. అవి బేరింగుల్లో, గేర్లలో పడి నలిగేకొద్దీ ఆయిల్ పల్చబడుతూ పోతుంది. ఇక ‘రేసింగ్’ అని రాసి ఉన్నవాటిలో కొన్నింటికి మురికిని కడిగే డిటర్జెంట్లు తక్కువగా ఉంటాయి. రేసు కాగానే మార్చేసే ఆయిల్‌కు అవి అక్కర్లేదు. రోజూ తిరిగే బండికి కావాలి.

50 గ్రేడ్‌కు వెళ్లాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఆయిల్ టెంపరేచర్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే 40 చాలు. ట్రాక్ మీద గట్టిగా తోలుతూ తరచూ 120 దాటుతుంటే, లేదా స్ట్రెయినర్, పంప్, రిలీఫ్ వాల్వ్ అన్నీ బాగున్నాయని తేలాక కూడా వేడి ఐడిల్ ప్రెషర్ హద్దుకు దగ్గరగా ఉంటే, సింథటిక్ 15డబ్ల్యూ-50 పోయొచ్చు. 5డబ్ల్యూ-50 కంటే దీన్నే ఎంచుకుంటాను. రెండు అంకెల మధ్య దూరం తక్కువ కాబట్టి పాలిమర్లూ తక్కువ పడతాయి, నలిగి పల్చబడటం తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో మాత్రం ఈ మాట చెల్లదు. 130 దాటుతుంటే ఆయిల్ మార్చి లాభం లేదు, ఆయిల్ కూలర్ చూసుకోవాలి.

ఎస్‌జీ దొరకలేదని బెంగ అక్కర్లేదు. అది 1989 నాటి రకం, ఎప్పుడో రద్దయింది. మీ మాన్యువల్‌లోనే ‘అంతకంటే పై రకం’ అని ఉంది కదా. ఎస్‌ఎన్ (2010), ఎస్‌పీ (2020) ఏదైనా మీకు పనికొస్తుంది. ఏపీఐ పద్ధతిలో పెట్రోల్ ఇంజన్లకు కొత్తది పాతవాటి స్థానంలో వాడేందుకే తయారవుతుంది. అయితే ఇక్కడ పాత ఇంజన్ల వాళ్లను భయపెట్టే ఒక విషయం ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. జెడ్‌డీడీపీ అని జింకు, ఫాస్ఫరస్ కలిసిన అరుగుదల నిరోధకం ఒకటి ఆయిల్‌లో వేస్తారు. వాల్వులను తెరిచే క్యామ్ లోబ్ నేరుగా రాసుకుంటూ తిరిగే చోట అదే కాపాడుతుంది. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని 2004లో ఎస్‌ఎం వచ్చినప్పుడు దాన్ని 0.08 శాతానికి కుదించారు. ఆ పరిమితి 30 అంతకంటే పల్చటి గ్రేడ్‌లకే గానీ 40కీ 50కీ కాదు. అందుకే ఏ3/బీ4 రకం 5డబ్ల్యూ-40లో మీకు అవసరమైనంత మేరకు అది ఉంటుంది. వాల్వ్ స్ప్రింగులు చాలా గట్టిగా ఉండి, క్యామ్ నేరుగా రాసుకునే ఫ్లాట్ ట్యాపెట్ ఉన్న పాత పెద్ద వీ8 ఇంజన్లకు ఇది నిజంగా ప్రాణం మీది సంగతి. మీ ఇంజన్‌లో క్యామ్ మీద రాసుకోకుండా దొర్లే రోలర్ రాకర్లు ఉంటే అసలు సమస్యే లేదు. విడిగా జింకు సీసా కొని కలపడం మాత్రం వద్దు. ఆయిల్‌లో పాళ్లు లెక్కగా వేసి ఉంటాయి, ఒకటి పెంచితే ఇంకోటి పని మానేస్తుంది. కన్వర్టర్‌కు హాని అదనం.

డబ్బా మీద మాటలు కూడా జాగ్రత్తగా చదవండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘టర్బో’, ‘ప్రో’, ‘అల్ట్రా’ అని ఉన్నంత మాత్రాన ఏమీ తెలియదు. వెనక చిన్న అక్షరాల్లో ఏసీఈఏ రకం, వీలైతే మెర్సిడెస్ ఎంబీ 229.5 లేదా పోర్షె ఏ40 లాంటి అనుమతి ఉందేమో చూడండి. మీది ఆ కార్లు కాకపోయినా ఫర్వాలేదు, ఆ పరీక్షలు కఠినమైనవి. ‘అనుమతి పొందింది’ అనడానికీ ‘ఆ ప్రమాణానికి సరిపోతుంది’ అనడానికీ తేడా ఉంది. మొదటిది కార్ల కంపెనీ ఇచ్చిన మాట, రెండోది ఆయిల్ కంపెనీ చెప్పుకున్న మాట. ఏసీఈఏలోనే సీ3 రకానికి కూడా హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 ఉంటుంది, అత్యవసరంలో పోయొచ్చు. ఏ5/బీ5 మాత్రం 30 గ్రేడ్‌లో పెట్రోల్ ఆదా కోసం చేసిన పల్చటి రకం, మీకు కాదు.

సింథటిక్ పోస్తే సీళ్లు కారతాయన్న మాట పూర్తిగా గాలి మాట కాదు. మొదట్లో వచ్చిన సింథటిక్‌లు కొన్ని రబ్బరు సీళ్లను కాస్త కుంచించేవి. ఆ లోపం సరిదిద్ది చాలా కాలమైంది. ఇప్పుడు కారడం కనిపిస్తే, సీలు అప్పటికే గట్టిపడి పగుళ్లిచ్చి ఉందనీ, మడ్డి అడ్డుపడి కారకుండా ఆపిందనీ అర్థం. శుభ్రమైన ఆయిల్ ఆ మడ్డిని కడిగేసరికి బయటపడింది. మడ్డిని నమ్ముకుని సీలును వదిలేయడం కంటే సీలు మార్చుకోవడమే మేలు.

నీలం పొగ విషయం. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీళ్లే కారణం. రాత్రంతా ఆయిల్ బొట్టు బొట్టుగా వాల్వ్ కాడ వెంట జారి ఉంటుంది. చాలాసేపు ఐడిల్‌లో ఉంచి కదిలించినప్పుడు పొగ వస్తే టర్బో మీద అనుమానపడాలి. అయితే టర్బో మార్చేముందు దాని కింది రిటర్న్ పైపు మూసుకుపోయిందేమో, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగే పీసీవీ వాల్వ్ పనిచేస్తోందో లేదో చూడండి. ఆయిల్ కిందికి దిగే దారి లేకపోతే మంచి టర్బో కూడా పొగ చిమ్ముతుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఆయిల్ పోసినా ఇదే జరుగుతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు లోపల పల్చగా తడి ఉంటే కంగారు వద్దు. గుంటలా నిలిచి ఉంటేనే ఆలోచించాలి.

చరిత్ర తెలియని ఇంజన్ కాబట్టి ఫ్లష్ చేయమని ఎవరైనా చెప్పొచ్చు. ఘాటైన ఫ్లష్ ద్రావకం పోయించకండి. ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డి ఒక్కసారిగా ముక్కలుగా ఊడితే వెళ్లి పడేది స్ట్రెయినర్‌లోనూ, టర్బో పైపులోనూ. దానికంటే నెమ్మదైన దారి ఉంది. ఇప్పుడు కొత్త ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి 1,500 కిలోమీటర్లకే మార్చేయండి. తర్వాతిది 3,000కి. అక్కడి నుంచి 5,000. ఫిల్టర్‌లో ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ప్రతి ఉదయం టర్బో ఎండిన గొంతుతో మొదలవుతుంది.

మొదటిసారి మార్చినప్పుడు పాత ఫిల్టర్ పారేయకుండా డబ్బా కోయించి, లోపలి కాగితపు మడతలు విప్పి, తెల్లగుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. నల్లటి మెత్తటి మసి ఉంటే మామూలే. గట్టి నల్ల రేణువులు తగిలితే మాడిన ఆయిల్ పెచ్చులు. వెండి రంగులో గానీ రాగి రంగులో గానీ పొడి తళతళలాడితే బేరింగు పొరలు లేస్తున్నాయి, అప్పుడు ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్నే ఉండదు, సంప్ దించాల్సిందే. డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్ చూపించుకోండి. ఆయిల్ లెవెల్ ప్రతి 500 కిలోమీటర్లకు చూసే అలవాటు చేసుకోండి. టర్బో బండి కాస్త ఆయిల్ తాగుతుంది. తాగడం కంటే, తాగుతోందని తెలియకపోవడమే ప్రమాదం.

గేజ్ చూపించిన రెండు అంకెలు, ఫిల్టర్ మడతల్లో ఏం కనిపించింది, 1,500 కిలోమీటర్లలో ఎంత ఆయిల్ తగ్గింది, ఇవి రాసి పంపండి. 40 గ్రేడ్‌లోనే ఉండాలో 15డబ్ల్యూ-50కి మారాలో అప్పుడు మీ ఇంజన్‌ను బట్టి చెబుతాను.